కింద పెట్టిన కాఫీ కప్పు

ఖలఫ్ నడక మొదలుపెట్టిన పదిహేను రోజులకు రెండు కిలోల బరువు పెరిగాడు.

ఆ సంగతి చెప్పింది ఆరోగ్య కేంద్రంలో నర్సు సజా. విన్నది ఖలఫ్ మరదలు రుదైనా. ఆమె ఐన్ సిద్ర అనే పల్లెలో ఆడపిల్లల బడిలో ఇరవయ్యేడేళ్లుగా పాఠం చెబుతోంది. పలక మీద తప్పు పడితే చెరుపుకోవచ్చు, నోట్లోంచి జారితే చెరుపుకోలేం అని పిల్లలకు చెప్పడమే కాదు, తనూ అలాగే నడుచుకునే మనిషి. ఆమె భర్త, ఖలఫ్ తమ్ముడు నాయిఫ్ పోయి పదకొండు నెలలైంది. ఈ పదకొండు నెలల్లో ఆమె మాటలు ఇంకా తగ్గిపోయాయి.

"నడిస్తే పెరగడమేమిటమ్మా?" అని మాత్రం అడిగింది.

"మీ ఊళ్లో నడిస్తే పెరుగుతారు టీచర్. కావాలంటే ఆయన వెనకే వెళ్లి చూడండి" అంది సజా.

వెళ్లి చూడక్కర్లేదు. ఊరంతా ఆ కథే చెప్పుకుంటోంది.

చక్కెర జబ్బుకు డాక్టరు రోజుకు అరగంట నడవమన్నాడు. ఖలఫ్‌కు అరవై రెండేళ్లు. పెద్ద మనిషి, పెద్ద ఒళ్లు, పెద్ద ఇల్లు. అతిథుల గది తలుపుకు గడియ అనేదే లేదు. అలాంటివాడు మొదటి రోజు తలగుడ్డ సవరించుకుని కొత్త బూట్లతో వీధిలోకి రాగానే నీళ్ల ట్యాంకరు నడిపే తర్రాద్ పక్కన బండి ఆపాడు.

"ఏం బాబాయ్, కారు చెడిపోయిందా?"

"లేదురా. నడుస్తున్నా."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ఊరికే."

"ఊరికేనా!" తర్రాద్ కిటికీలోంచి తల బయటపెట్టి గొంతు తగ్గించాడు. "పిన్నితో ఏమైనా..."

"నోర్ముయ్."

"అయితే ఎక్కండి. మీరు నడుస్తుంటే నేను కూర్చుని పోయానంటే మా నాన్న గోరీలోంచి లేచి వస్తాడు."

ఎక్కనన్నాడు ఖలఫ్. తర్రాద్ వదల్లేదు. ఆయన అడుగుకు అడుగు కలుపుతూ ట్యాంకరును పక్కనే పాకించాడు. వెనక బడి బస్సు, దాని వెనక గొర్రెల లారీ, ఒకటే హారన్లు. ఆ గోల భరించలేక ఖలఫ్ ఎక్కి కూర్చున్నాడు. తర్రాద్ ఆయన్ని తిన్నగా తన ఇంటికి తీసుకుపోయి నెయ్యి, తేనె, వేడి రొట్టెలు ముందు పెట్టాడు.

మర్నాడు దారి మార్చుకుని పై వీధిన వెళ్లాడు. పై వీధిలో కార్లు లేవు కానీ గుమ్మాలున్నాయి. ఆ ఊళ్లో ఎవరి గుమ్మం ముందు నుంచైనా పలకరింపు లేకుండా మనిషి దాటిపోతే ఆ ఇంటికి తలవంపు. అబూ దియాబ్ అనే ముసలాయన అరుగు మీద నుంచే ఒట్టు పెట్టుకున్నాడు.

"ఖలఫ్, నువ్వు లోపలికి రాకపోయావో, మా ఆవిడకు విడాకులే!"

లోపలి నుంచి ఆవిడ కేకేసింది. "రా అన్నా, వచ్చి కూర్చో, నీకు పుణ్యముంటుంది! ఈ నెలలో నా మీద ఇది నాలుగో ఒట్టు!"

ఒక ఆడదాని కాపురం తన కాళ్ల మీద ఆధారపడి ఉన్నప్పుడు ఏ మగాడు నడుచుకుంటూ పోగలడు? ఖలఫ్ కూర్చున్నాడు. మూడు చెంచాల చక్కెర వేసిన టీ తాగాడు, జున్ను మిఠాయి తిన్నాడు. ఇలా పదిహేను రోజులు. సాయంత్రాలు అమ్మాన్‌లో ఉన్న కొడుకు షాహిర్‌కు ఫోన్లు: మీ నాన్న కారు అమ్మేశాడా, ఏమైనా ఇబ్బందా, మేం లేమా?

నవ్వుకోవలసిన కథే. రుదైనా నవ్వలేకపోయింది. సజా ఆ తర్వాత చెప్పిన మాట వల్ల.

"చలికాలంలో ఆయన కాలి వేలికి పుండు పడింది చూశారా, అది మానడానికి ఏడు వారాలు పట్టింది. ఆయనకు నొప్పి తెలియలేదు. సాక్సుకు రక్తం అంటితే ఇంట్లో ఫిద్దా అత్తయ్య చూసి తీసుకొచ్చింది. ఎడమ కాలు, రెండో వేలు." సజా ఆగింది. "చక్కెర ఇలాగే ఉంటే ఈసారి పడ్డ పుండు మానదేమో టీచర్."

ఎడమ కాలు, రెండో వేలు. నాయిఫ్‌కూ అక్కడే మొదలైంది. వేలు పోయింది, తర్వాత పాదం, తర్వాత గుండె. పద్నాలుగు నెలలు. ఆ వరస రుదైనాకు కంఠతా వచ్చు.

ఆమె రోజూ తెల్లవారాక, బడికి ముందు, ఊరి పైనున్న గుట్టకు నడిచి వెళ్లేది. శ్మశానం ఆ గుట్ట మీదే. కందిరంగు నేల మీద బాదం చెట్ల పక్కగా అరగంట ఎక్కుడు. ఎండలో, వానలో, ఒక్క రోజు మానలేదు. అక్కడ నాయిఫ్ తల దగ్గర కూర్చుని నిన్నటి సంగతులు చెప్పేది. ఏ పిల్ల ఏం రాసింది, ఇర్బిద్‌లో చదువుతున్న కూతురు ఏమంది, కుళాయి మళ్లీ కారుతోంది. ఇరవై నాలుగు గంటల్లో ఆమె మనసు విప్పి మాట్లాడేది ఆ పావుగంటే.

సజా మాటలు విన్న మర్నాడు గుట్ట ఎక్కుతుంటే తర్రాద్ ట్యాంకరు ఎదురొచ్చింది. ఆమెను చూడగానే వేగం తగ్గించాడు. చేయి గుండె మీద పెట్టుకుని, తల వంచి, చప్పుడు లేకుండా దాటిపోయాడు.

రుదైనా దారి మధ్యలో నిలబడిపోయింది.

పదకొండు నెలలుగా ఆమె ఈ ఊళ్లో నడుస్తోంది. ఒక్కరు బండి ఆపలేదు. ఒక్క గుమ్మం ఒట్టు పెట్టలేదు. ఎక్కడికీ కాకుండా నడిచేవాణ్ణి ఈ ఊరు నడవనివ్వదు. చనిపోయినవారి దగ్గరికి వెళ్లేవాళ్లను మాత్రం ఎవరూ ఆపరు.

ఉపాయం ఆ క్షణంలోనే తట్టింది. దానికి చెల్లించవలసిందేమిటో కూడా వెంటనే తెలిసింది. బావగారు పక్కన నిలబడితే ఆ పావుగంట ఇక తనది కాదు. మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు బడి కాగానే ఖలఫ్ భార్య, తన తోడికోడలు ఫిద్దా దగ్గరికి వెళ్లింది.

ఫిద్దా మొత్తం విని నోరు తెరిచింది. "కప్పు కింద పెడదామంటావా? మనమా? ఆడవాళ్లమా?"

"మనమే అక్కా."

"నా ఇంటికి నేనే పెద్దమనిషినై రావాలా? జనం నవ్వరూ!"

"నవ్వనీ. మగవాళ్లను తీసుకెళ్తే ఆయన మాటకు మాట చెప్పి పంపించేస్తాడు. మనకు చెప్పడం ఆయనకు అలవాటు లేదు."

ఫిద్దా కాసేపు చేతులు తుడుచుకుంటూ నిలబడింది. అవి అప్పటికే పొడిగా ఉన్నాయి. "పండగలకు దాచిన నా కుట్టుపూల గౌను వేసుకుని వస్తాను" అంది చివరికి.

ఆ ప్రాంతంలో ఎవరింట్లోనైనా కోరిక కోరడానికి వెళ్లినవారు ఇచ్చిన కాఫీ తాగరు. కప్పు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఇంటివాడు సరేననాలి, అప్పుడే తాగాలి. తాగని కాఫీ గుమ్మం దాటితే ఆ ఇంటి పరువు దాటినట్టే. పెళ్లి సంబంధాలకూ, పాత పగలు చల్లార్చడానికీ చుట్టుపక్కల ఊళ్లన్నీ పిలిచేది ఖలఫ్‌నే. ఖలఫ్ కింద పెట్టిన కప్పు ఎన్నడూ చల్లారలేదని పేరు.

సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఐదుగురు ఆడవాళ్లు అతిథుల గది ముందు తలుపు గుండా వచ్చారు. ముందు రుదైనా, పక్కన ఫిద్దా, వెనక ఇరుగుపొరుగు ముగ్గురు. ఫిద్దా వంటింటి గుండా బయటికి పోయి, ఇల్లు చుట్టి, వీధి వైపు నుంచి వచ్చింది.

ఖలఫ్ పరుపు మీద నుంచి లేచి భార్యను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏమిటే, వంటింటి తలుపు ఊడిపోయిందా?"

"ఇవాళ నేను అతిథిని. మర్యాదగా మాట్లాడండి" అంది ఫిద్దా.

పక్కింటామె కొంగులో నవ్వింది. ఖలఫ్‌కు ఏమీ అర్థం కాలేదు. కానీ ఇంటికి వచ్చినవాళ్లు వచ్చినవాళ్లే. కూర్చోబెట్టాడు. కుంపటి మీది కాఫీ తనే వంచాడు. కుడిచేత్తో కప్పు రుదైనాకు అందించాడు. ఆమె అందుకుంది. అందుకుని, మెల్లగా, తన ముందు నేల మీద పెట్టింది.

ఫిద్దా పెట్టింది. మిగిలిన ముగ్గురూ పెట్టారు.

ఖలఫ్ చేతిలో కాఫీ కూజా అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్లుగా తను ఇతరుల ఇళ్లలో చేస్తున్న పని తన ఇంట్లో తన ముందు జరుగుతోంది.

"ఇదేం ఆట అమ్మాయ్?"

"ఆట కాదు బావగారూ. మీ దగ్గర నేర్చుకున్నదే."

"ముందు తాగండి. తర్వాత అడగండి."

"ముందు తాగడం ఈ ఇంట్లో ఎవరైనా నేర్పారా?"

ఆయన కూజా దించి కూర్చున్నాడు. "నాయిఫ్ ఏడాది భోజనం గురించేగా? దిగులు పడకు. ఏడు గొర్రెలకు చెప్పేశాను. వాడి పేరు నిలబడేలా పెడతాను."

"అది కాదు."

"మరేమిటి?"

మూడు రోజులుగా ఆమె ఒకే వాక్యాన్ని రాసి కొట్టేసి రాసుకుంది. అందులో పుండు లేదు, చక్కెర లేదు, నింద లేదు. ఉండాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ తీసేయగా మిగిలింది ఇది.

"రేపటి నుంచి నాతో పాటు నాయిఫ్ దగ్గరికి రండి. రోజూ. కాలినడకన."

ఖలఫ్ ముఖంలో రంగు మారింది. పాతిపెట్టిన రోజు తర్వాత ఆయన ఆ గుట్ట మీదికి రెండు పండగలకే వెళ్లాడు. రెండుసార్లూ కారు దిగి, ప్రార్థన చదివి, ఎవరి వైపూ చూడకుండా తిరిగొచ్చాడు.

"కారులో వస్తాను" అన్నాడు.

"కారులో ఎవరైనా వస్తారు."

"ఆ ఎక్కుడు నా వల్ల అవుతుందా అమ్మాయ్?"

"ఆగుతూ ఎక్కుదాం. నేనేమీ పరుగెత్తను."

కప్పుల మీద ఆవిరి పల్చబడింది. ఖలఫ్ చూపు ఐదు కప్పుల మీదుగా ఒక్కొక్కటిగా వెళ్లి, రుదైనా కప్పు దగ్గర ఆగింది.

"చల్లారిపోతోంది. తెలుస్తోందా?" అంది ఫిద్దా మెల్లగా. ఆమె గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు.

ఖలఫ్ చాలాసేపు తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత, తరతరాలుగా ఆ గదిలో వినిపించిన మాటే పైకి అన్నాడు. "కాఫీ తాగండి. మీరు వచ్చిన పని అయింది."

తాగారు. గోరువెచ్చగా, చేదుగా ఉంది. "ఈ ఇంట్లో చక్కెర పడనిది ఇదొక్కటే" అంది ఫిద్దా, ఇక చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చేస్తూ.

*

మొదటి రోజు ఊరు దాటకముందే ట్యాంకరు వచ్చింది.

"ఎక్కడికి బాబాయ్? ఎక్కండి!"

"నా తమ్ముడి దగ్గరికి" అన్నాడు ఖలఫ్.

తర్రాద్ నోరు మూతపడింది. చేయి గుండె మీదికి వెళ్లింది. బండి కదిలిపోయింది.

పై వీధిలో అబూ దియాబ్ ఒట్టు కోసం నోరు తెరిచి, పక్కన రుదైనాను చూసి, గుట్ట వైపు చూసి, తెరిచిన నోటితోనే అన్నాడు. "ఆయనకు నా సలాం చెప్పు."

గుట్ట మీద ఖలఫ్ ఏడుసార్లు ఆగాడు. ప్రతిసారీ రుదైనా కూడా ఆగి, తన బూటు సరిచేసుకుంటున్నట్టు వంగింది. పైన ఆయన రాయి పక్కన నిలబడ్డాడు, ఒక్క మాట లేదు. ఆమె కూడా మాట్లాడలేదు. కుళాయి సంగతి చెప్పవలసింది అలాగే ఉండిపోయింది.

తొమ్మిదో రోజు నాలుగుసార్లే ఆగాడు. తిరిగి వస్తూ, బాదం చెట్ల దగ్గర, దారి వైపు చూస్తూ అన్నాడు.

"ఆ రోజు విందులో కార్జం ముక్క వాడి ముందు పెట్టింది నేనే. కొవ్వు ముక్కలూ నేనే. నా చేత్తో తుంచి పెట్టాను. డాక్టరు వద్దన్నాడని తెలుసు. తమ్ముడు నా పళ్లెం దగ్గర కూర్చుంటే పెట్టకపోతే నేనేం అన్నని అనుకున్నాను."

రుదైనా నాలుగడుగులు వేసింది. ఈ మాట ఎప్పుడైనా వస్తుందని పదకొండు నెలలుగా ఎదురుచూసింది. వస్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది. ఇప్పుడు నోటికి వచ్చింది మరొకటి.

"తెర ఇవతల ఆడవాళ్లతో నేనూ ఉన్నాను" అంది. "మీరు పెడుతున్నారని తెలుస్తూనే ఉంది. ఆయన నవ్వుతున్నాడు. చాలు అనడం ఎంతసేపు? బడిలో రోజుకు వందసార్లు అంటాను. అక్కడ అనలేదు."

"నువ్వు అంటే వాడు వినేవాడా?"

"ఏమో. అనలేదుగా."

ఖలఫ్ తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరూ దిగారు. దారి పక్కన గోడ నీడలో మాలో అనే అడవి ఆకుకూర ఇంకా లేతగా ఉంది. రుదైనా వంగి కోయడం మొదలుపెట్టింది. కాసేపు చూసి, ఖలఫ్ కూడా ఒక చేయి గోడకు ఆనించి, మూలుగుతూ వంగాడు.

"అమ్మ దీన్ని ఉల్లిపాయతో వేయించేది" అన్నాడు. "మేం ఎనిమిదిమందిమి. మాంసం పండక్కే. తక్కిన రోజుల్లో ఆకూ, రషూఫూ." పప్పు, గోధుమ నూక కలిపి పుల్ల పెరుగులో ఉడికించేదాన్ని తలుచుకుని చేతిలోని ఆకు వాసన చూశాడు. "నాయిఫ్ గిన్నె నాకేవాడు. నీకు వండటం వచ్చా అది?"

"మీ అమ్మే నేర్పింది."

ఆ సాయంత్రం ఏడు గొర్రెలు ఒక్క గొర్రె అయ్యాయి. "జనం ఏమనుకుంటారు?" అని ఫిద్దా గుండె పట్టుకుంది. "అనుకుంటారు. అనుకుంటూ తింటారు" అన్నాడు ఖలఫ్. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదని ఫిద్దా తర్వాత చెప్పింది. మూడుసార్లు లేచి, ఇంకో రెండు గొర్రెలకు చెప్పనా అని అడిగాడట.

ఏడాది భోజనం రోజు పెద్ద పళ్లేలు దించగానే అందరి చూపూ వాటి మీద పడింది. పళ్లెం నిండా పప్పూ నూకా. పైన కొద్దిగా మాంసం. చుట్టూ దోసకాయ, ముల్లంగి. నెయ్యి లేదు.

"ఖలఫ్ ఇంట్లో పప్పా?" అన్నాడు అబూ దియాబ్. అనకూడదనే అనుకున్నాడు పాపం, నోరు ఆగలేదు.

ఖలఫ్ గరిటెతో గది మధ్యలో నిలబడ్డాడు. తెర ఇవతల రుదైనా చెవి ఒగ్గింది. ఆయన చెవులు ఎర్రబడి ఉంటాయని ఆమెకు చూడకుండానే తెలుసు.

"ఇది మా అమ్మ వంట. నా తమ్ముడికి ఇష్టమైన వంట. మా అమ్మ ముందు కూర్చుని తిననన్న మగాడు ఎవరైనా ఉంటే లేవండి."

ఎవరూ లేవలేదు. అబూ దియాబ్ రెండోసారి పెట్టించుకున్నాడు.

*

జూన్ మొదట్లో ఒకరోజు గుట్ట మొదట్లో ట్యాంకరు ఆగి ఉంది. తర్రాద్ దిగి నిలబడి ఉన్నాడు.

"ఏరా, బండి చెడిపోయిందా?" అన్నాడు ఖలఫ్.

"లేదు బాబాయ్. మా నాన్న కూడా అక్కడే కదా. నేను వెళ్లి నాలుగేళ్లయింది."

తర్వాత అబూ దియాబ్ కర్ర పట్టుకుని బయల్దేరాడు, వాళ్లన్నయ్య కోసం. ఆయన వెనక ఆయన భార్య, వాళ్లమ్మ కోసం. ప్రతి ఇంటికీ ఆ గుట్ట మీద ఒకరున్నారు. జూలైకల్లా పొద్దున్నే పది పదిహేనుమంది ఎక్కుతున్నారు. దీన్ని వ్యాయామమని ఎవరూ అనలేదు. అంటే సగంమంది ఇంటికి పోయేవారు. బడి సెలవుల్లో రుదైనా వాళ్ల వెనకాల, కొంచెం దూరంగా నడిచేది. సజా పరీక్ష చేసి, ఖలఫ్ నాలుగు కిలోలు తగ్గాడనీ, మూడు నెలల సగటు చక్కెర పది నుంచి ఏడున్నరకు దిగిందనీ చెప్పింది. కాలి వేళ్లు ఫిద్దా రోజూ రాత్రి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తోంది.

ఒకరోజు పొద్దున్నే శ్మశానం కింద రాతిగోడ దగ్గర ఖలఫ్ ఒక ఫ్లాస్కు తీశాడు. రుదైనా కనుబొమలు ముడిపడ్డాయి. ఈ మనిషి గుట్ట మీద కూడా విందు మొదలుపెట్టాడా?

"అలా చూడకు. చేదుదే" అన్నాడు. తక్కినవాళ్లు తమ తమ రాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన రెండు కప్పులు నింపి, ఒకటి ఆమెకు ఇచ్చాడు. రెండోది గోడ మీద, తన ముందు పెట్టి వదిలేశాడు. తాగలేదు.

రుదైనా ఆ కప్పు వైపు చూసింది.

"ఏం కావాలి బావగారూ?"

"రేపటి నుంచి నువ్వు ముందు వెళ్లు. ఒక్కదానివే. మేం మసీదు దగ్గర అరగంట ఆగి వస్తాం." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నువ్వు పొద్దున్నే వాడితో మాట్లాడుతుంటావని గొర్రెల కాపరులు చెప్పేవారు. మేం రావడం మొదలుపెట్టాక నీ పెదవి కదలడం చూడలేదు నేను."

గుట్ట మీద గాలి ఎండుగడ్డిని వంచుతూ పోయింది. గోడ మీద కప్పులో ఆవిరి పల్చబడుతోంది. ఖలఫ్ దాని వైపు చూడకుండా కూర్చున్నాడు.

"కాఫీ తాగండి బావగారూ" అంది రుదైనా. "మీరు వచ్చిన పని అయింది."